గాల్లో ఉన్నంతసేపు

విమానంలో ఒక వరస. కిటికీ పక్కన వదిన, మధ్యలో ఆడపడుచు, నడవ పక్కన వాళ్లిద్దరికీ కొత్త అయిన ఒక పెద్దాయన. విమానం ఇంకా కదలలేదు.

"ఇంక చాలు వదినా, ఫోను ఆపెయ్. వాళ్లొచ్చి అరుస్తారు."

"ఇంకొక్కసారి పిట్టా. ఈసారి ఎత్తుతాడు."

"పొద్దున్నించీ ఇంకొక్కసారే. ఎత్తడు. ఎవరింట్లోనో సింకు కింద దూరి ఉంటాడు మా అన్నయ్య. చేతులు తడిగా ఉంటే ఫోనెలా ఎత్తుతాడు?"

"సింకు కింద ఉన్నా నా ఫోను ఎత్తుతాడు. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడతాడు. ఒకసారి అలా మాట్లాడుతూనే బకెట్లో పడేసుకున్నాడు."

"అదిగో. అందుకే ఎత్తట్లేదు. బుద్ధొచ్చింది."

"ఆయనకా? బుద్ధా?"

"ఆపెయ్ వదినా. బాబాయిగారూ, మీరైనా చెప్పండి."

"నన్నెందుకమ్మా మధ్యలోకి లాగుతావు? మధ్యలో కూర్చుంది నువ్వు."

"బావుంది. మీరూ మా వదిన జట్టేనా?"

"నాకు జట్టేమిటమ్మా. ఆ విమానం అమ్మాయి ఇంకా వెనక వరసల్లో ఎవరి బెల్టో సరిచేస్తోంది. మన దాకా రావడానికి టైముంది. చేసుకో చెల్లెమ్మా, ఇంకోసారి."

"చూశావా పిట్టా? పెద్దమనిషంటే అలా ఉండాలి. థాంక్సండీ అన్నయ్యగారూ."

"ఎత్తాడా వదినా?"

"మోగుతోంది... మోగుతోంది... ఆగిపోయింది."

"చెప్పానా?"

"సరే, ఆపేశాను. ఇదిగో చూడు, ఆపేశాను. సంతోషమా?"

"నాకేం సంతోషం? రూలు అది."

"పిట్టా."

"ఏంటి?"

"నీ చెయ్యేమిటే ఇంత చల్లగా ఉంది?"

"ఏసీ."

"నా చెయ్యి వెచ్చగానే ఉందిగా."

"నీ మీద పడట్లేదు గాలి."

"పైనున్న గొట్టం నా వైపే తిరిగుంది. నీవైపున్నది మూసేసుంది."

"అబ్బబ్బ వదినా! ప్లంబరు పెళ్లానివైతే మాత్రం ప్రతి గొట్టం ఎటు తిరిగిందో చూడాలా?"

"చూడక చస్తానా? ఎవరింటికి పేరంటానికి వెళ్లినా ఆ ఇంటి ఆడవాళ్ల చీరలు చూసే యోగం లేదు నాకు. మీ అన్నయ్య, వచ్చాక, వాళ్ల బాత్రూంలో పైపు లోపల వేశారా పైన వేశారా అని అడుగుతాడు."

"ఆయన ప్లంబరా అమ్మా?"

"అవునండీ అన్నయ్యగారూ. ఊళ్లో సగం ఇళ్లకి నీళ్లు ఆయన చేతిమీదుగా వెళ్తాయి. మీరేం చేస్తుంటారు?"

"కాలేజీలో లైబ్రేరియన్ని. రిటైరైపోయాను. ఎన్నో ఏళ్లు పుస్తకాల్లో చూసిన ఊళ్లు నిజంగా ఉన్నాయో లేవో చూసొద్దామని బయల్దేరాను."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే. మా ఆవిడ పోయింది. మరి మీరు? మీ ఇద్దరూ ఇటలీలో ఏం చూస్తారు?"

"నేను ఒక్కటే చూస్తానండీ. ఫౌంటెను."

"మొదలెట్టింది. బాబాయిగారూ, ఇంక మీరు తప్పించుకోలేరు."

"నువ్వుండవే. కుళాయిలమ్మే షాపువాళ్లు మా ఆయనకి ఒక క్యాలెండరు ఇచ్చారండీ. దాని మీద పెద్ద రాతి ఫౌంటెను. రాతి గుర్రాలు, రాతి మనుషులు, వాళ్ల కాళ్ల మధ్యనుంచి నీళ్లు. ఏడాది అయిపోయినా క్యాలెండరు తియ్యనివ్వలేదు నేను. దోసెల పిండి రుబ్బేటప్పుడు ఎదురుగా అదే."

"నీ పిండి చుక్కలు పడి ఒక గుర్రానికి కన్ను పోయింది."

"పోతే పోయింది. అదేం పరిగెత్తాలా? నేను గుర్రాల్ని చూస్తుంటే ఆయన పక్కన నిలబడి, 'అది సరే, పైపెక్కడ పెట్టారే?' అనేవాడండీ. నీళ్లు అంతెత్తుకి ఎలా ఎక్కుతున్నాయో చూసిరా అని, నిన్న మళ్లీ మళ్లీ చెప్పాడు."

"ఆయనే వచ్చి చూడొచ్చు కదా."

"అదే అడగండి ఈ పిట్టని. టిక్కెట్లమ్మే ఆఫీసులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. వచ్చేపోయేవాళ్లందరికీ టిక్కెట్లు దొరుకుతాయి, సొంత అన్నకి దొరకలేదు."

"స్టాఫుకిచ్చే రాయితీ టిక్కెట్లు వదినా అవి. రెండే ఇస్తారు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నేనేమన్నాను? రెండే ఇస్తారనేగా అంటున్నాను."

"నువ్వంటున్న తీరు అలా లేదు."

"నా తీరు ఎప్పుడూ ఇంతే. కదులుతోంది చూడు. అయ్యో, కదులుతోంది. నా చెయ్యి పట్టుకోవే."

"పట్టుకునే ఉన్నాను కదా."

"గట్టిగా."

విమానం పైకి లేచి, స్థిరపడి, చాలాసేపయింది. వదిన బాత్రూంకి వెళ్లింది.

"బాబాయిగారూ, ఆవిడ వెళ్లిపోయిందా? లోపలికి వెళ్లిందా? తలుపు పడిందా?"

"ఇంకా వరసలో నిలబడింది. ముందు పిల్లల తల్లి ఒకావిడుంది, ఇప్పట్లో రారు. ఏమ్మా, ఏదైనా కావాలా?"

"ఇందులో ఇంటర్నెట్టు ఏదైనా... మీ ఫోనుకి గానీ..."

"లేదని ఇందాకే చెప్పారుగా."

"తెలుసు. లేదని నాకు తెలుసు. నేనే వెతికి వెతికి లేని విమానం తీసుకున్నాను. అయినా మిమ్మల్ని అడుగుతున్నాను చూడండి, నా మతి."

"మంచినీళ్లు తాగు ముందు. ఇదిగో, నేను ముట్టుకోలేదు."

"బాబాయిగారూ, మీరు మళ్లీ మాకు కనబడరు కదా?"

"ఎందుకు కనబడాలి?"

"కనబడకపోతేనే చెప్పగలను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నేను అరిచేసేలా ఉన్నాను. మా అన్నయ్యకి గుండె ఆపరేషను. ఇవాళే. ఇప్పుడే. మనం ఇక్కడ కూర్చుని ఉండగానే."

"ఆవిడ భర్తకా?"

"ఆవిడకి తెలియదు. తెలియకూడదనే ఈ ప్రయాణం. ఫౌంటెనూ లేదు, గుర్రాలూ లేవు. అంతా అందుకే."

"భార్యకి చెప్పకుండానా అమ్మా? అంత పెద్ద విషయం?"

"మీరు తిట్టకండి. ఇప్పటికే నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఒకసారి మా అన్నయ్య నిచ్చెన మీంచి పడ్డాడు. నుదుటికి కుట్లు వేస్తున్నారు. ఈవిడ తలుపు సందులోంచి చూసి దబ్బున పడిపోయింది. మా అన్నయ్య సగం కుట్లతో, దారం వేలాడుతూ, బల్ల మీంచి లేచొచ్చి ఈవిడ మొహాన నీళ్లు చల్లాడు. డాక్టరు సూది పట్టుకుని వెనకాల పరిగెత్తాడు. ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం."

"నవ్వుకోవాల్సిందే."

"ఈసారి డాక్టరు చెప్పగానే అన్నయ్య అన్న మొదటి మాట ఏంటో తెలుసా? 'గుండె తెరిచి పెట్టుకుని నేను లేచి రాలేను కదే పిట్టా' అన్నాడు."

"పాపం."

"తనకేమవుతుందోనని కాదు. ఈవిడ తలుపు దగ్గర పడిపోతే ఎవరు లేపుతారని. లోపలికి తీసుకెళ్లేటప్పుడు ఆ మొహం చూస్తే వెళ్లలేనన్నాడు. ఎక్కడో హాయిగా తిరుగుతోందనుకుంటే కళ్లు మూసుకుంటానన్నాడు. మీకొక సంగతి చెప్పనా? ఒకరోజు నా కౌంటరు దగ్గరికొచ్చాడు. తెలిసినవాడిలా లోపలికి రాలేదు, అందరితోపాటు వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక ఏ దేశం అని అడగలేదు. 'అన్నిటికన్నా ఎక్కువసేపు గాల్లో ఉండేది ఏదే?' అన్నాడు."

"గాల్లో ఉంటే ఫోను పనిచెయ్యదని."

"అంతే. ఫోను రాకూడదు, దారిలో దిగి వెనక్కి రాకూడదు. నేను వరసగా ఊళ్ల పేర్లు చదువుతున్నాను. ఇటలీ అనగానే 'ఆగు' అన్నాడు. 'క్యాలెండరు' అన్నాడు. 'దాయడానికి పంపిస్తున్నాం, కనీసం తనకి ఇష్టమైన చోటికి పంపిద్దాం' అన్నాడు. వెనకాల నిలబడ్డాయన 'ఎంతసేపండీ' అని విసుక్కుంటే, నేను ఏడుస్తూ టిక్కెట్లు కొట్టాను."

"అక్కడ ఎవరున్నారిప్పుడు?"

"మా ఆయన. మెతక మనిషి. ఆయన్ని ఎవరు చూసుకోవాలో. దిగగానే నాకు ఫోను చేస్తారు. అప్పటిదాకా ఏమైందో తెలియదు. బాబాయిగారూ, జరక్కూడనిది జరిగితే? నేనేగా ఆవిణ్ణి ఇంత దూరం లాక్కొచ్చింది? ఆఖరికి ఆయన మొహమైనా చూడనివ్వలేదని ఆవిడ నన్ను అడిగితే? అడగదు. అడగదు, అదే. ఏమీ అనదు. అప్పుడు నేనేం చెయ్యను?"

"అమ్మాయ్."

"ఊఁ."

"ఆవిడ వస్తోంది. కళ్లు తుడుచుకో. ఈ పేపరు మొహానికి అడ్డం పెట్టుకో."

"తలకిందులుగా ఇచ్చారు."

"ఫరవాలేదు. అందులో ఉన్నదంతా ఎటు పట్టుకున్నా ఒకటే."

"ఏంటే పిట్టా, నవ్వుతున్నావు? అన్నయ్యగారు ఏం చెప్పారు?"

"ఏం లేదు వదినా. పేపరు జోకు."

"జోకు చదివితే కళ్లు ఇంతెర్రగా అవుతాయా?"

"బాగా నవ్వాను."

"నేను రెండు నిమిషాలు లేకపోయేసరికి మీ ఇద్దరికీ అంత నవ్వు. జరుగు. లోపల కుళాయి చూశావా? నొక్కితే గుక్కెడు నీళ్లు వచ్చి ఆగిపోతాయి. మళ్లీ నొక్కాలి. ఆయన చూస్తే విప్పి చూడందే బయటికి వచ్చేవాడు కాదు. బయట జనం తలుపు విరగ్గొట్టేవాళ్లు."

"హహ... అవును."

"నేను ఆయన మాటెత్తినప్పుడల్లా నువ్వు ఎందుకే అలా మొహం తిప్పుకుంటావు?"

"కిటికీలోంచి మబ్బులు చూస్తున్నాను."

"కిటికీ ఇటు ఉంది."

భోజనాలు వచ్చాయి. వదిన తింటోంది. ఆడపడుచు ముందున్న భోజనం మూత తీసింది తీసినట్టే ఉంది.

"తినవే."

"తింటున్నాను."

"చెంచాతో అన్నానికి గుంటలు తీస్తున్నావు. తినడం లేదు. నువ్వు తినకపోతే మీ అన్నయ్యతో చెప్తాను."

"చెప్పు. చెప్పు వదినా, నీ ఇష్టం, చెప్పుకో."

"ఎందుకే అరుస్తావు?"

"అరవలేదు."

"అరిచావు. ముందు వరసలో ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఇంతకీ, తమ్ముడు మనల్ని దింపడానికి రాలేదేం? ప్రతిసారీ సూట్‌కేసుకి తాడు కట్టి, ఆ తాడుకి ఇంకో తాడు కట్టి హడావుడి చేస్తాడుగా."

"మా ఆయనకి ఆఫీసు."

"సెలవు పెట్టానన్నాడే?"

"ఎవరన్నారు?"

"తనే."

"నీతో ఎప్పుడన్నారు?"

"ఏదో మాటల్లో."

"అంటే... సెలవు పెట్టారు. పెట్టి, మళ్లీ పనుందంటే వెళ్లారు."

"పాపం, సెలవు పెట్టి మరీ వెళ్లాడన్నమాట. మంచి ఉద్యోగి."

"వదినా, నన్ను తిననిస్తావా లేదా?"

"తిను, తిను. నేనేం అనట్లేదు. అన్నయ్యగారూ, మీకు పెరుగు అక్కర్లేదా? ఇటివ్వండి, ఇది దానికిష్టం. చిన్నప్పుడు పెరుగు గిన్నె ఎత్తుకుపోయి తలుపు వెనక నాకుతుంటే మీ అన్నయ్యకి దొరికేదానివటగా పిట్టా?"

"ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు? పెరుగు నువ్వు తిని, దెబ్బలు తను తిన్నాడట. 'నేనే తిన్నా' అని ఒప్పుకున్నాడట. మూతి నీది తెల్లగా ఉంటే ఎవరు నమ్ముతారు? అయినా కొట్టారట. ... ఇదిగో. ఇదిగో చూడు. ఎందుకే ఆ కళ్లనీళ్లు?"

"ఉల్లిపాయ."

"పెరుగులోనా?"

"నేను... నేను మొహం కడుక్కుని వస్తాను. బాబాయిగారూ, కాస్త కాళ్లు."

"వెళ్లమ్మా. నెమ్మదిగా."

"అది ఏడవడానికి వెళ్లిందండీ అన్నయ్యగారూ."

"మొహం కడుక్కోవడానికన్నట్టుంది."

"రెండూ ఒకటేగా. ఇందాక నేను లేనప్పుడు అది మీకేం చెప్పింది?"

"నాకా? ఏముంది చెల్లెమ్మా... అక్కడ దిగాక బస ఎక్కడ బావుంటుందని."

"మీకు అబద్ధం ఆడటం చేతకాదు. లైబ్రరీలో ఆ అవసరం పడదు కాబోలు."

"పడేదమ్మా. అడిగినవాడు పేజీలు చింపే రకమైతే, ఉన్న పుస్తకాన్ని లేదని చెప్పేవాణ్ణి."

"మంచి అబద్ధమే."

"పుస్తకానికి మంచిది."

"నేను మిమ్మల్ని ఇంక అడగను లెండి. మీ పుస్తకం జాగ్రత్తగా పెట్టుకోండి. ఈ విమానం చప్పుడు బావుంది కదండీ? ఒకటే హోరు. నాకు నిద్ర వచ్చేట్టుంది. ఇంట్లో ఈ మధ్య అసలు నిద్ర లేదు."

"ప్రయాణం బెంగా?"

"కాదు. నిశ్శబ్దం. మా వంటింట్లో కుళాయి ఒకటి ఉందండీ. నేను కాపురానికొచ్చిన నాటి నుంచి కారుతూనే ఉంది. ఊరందరి కుళాయిలూ బాగుచేస్తాడు, ఇంట్లోది అడిగితే 'రేపు' అంటాడు. ఎన్ని రేపులో. నేను తిట్టీ తిట్టీ అలసిపోయి, చప్పుడు రాకుండా దాని కింద గిన్నెలో గుడ్డ వేసి పెట్టేదాన్ని. తర్వాత తర్వాత గుడ్డ వెయ్యడం మానేశాను, ఆ చప్పుడు వింటేనే నిద్ర పట్టేది."

"ఇప్పుడు కారట్లేదా?"

"బాగుచేశాడు. ఈ మధ్యే."

"మంచిదేగా."

"మంచిదే. అన్నయ్యగారూ, మీ ఆవిడ ఎలా పోయారు? అడగొచ్చా?"

"అడగొచ్చు. జబ్బు. డాక్టరు నాకన్నా ముందు ఆవిడకే చెప్పాడు. తను నాకు చెప్పలేదు. ఏదో కడుపులో మంట అంది. నేను రిపోర్టు కోసం వెళ్లినప్పుడు ఆయన 'మీ ఆవిడకి తెలుసుగా' అన్నాడు. అలా నాకూ తెలిసింది. ఇంటికొచ్చి నేనూ చెప్పలేదు."

"చెప్పలేదా?"

"గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఏదో పాట కూనిరాగం తీస్తూ కూరలు తరుగుతోంది. అంతకుముందు ఎప్పుడూ పాడింది లేదు. గొంతు ఘోరం. నా కోసం అంత శ్రమపడి పాడుతుంటే, దాన్ని వృథా చెయ్యబుద్ధి కాలేదు. 'ఏం పాటే అది' అని వెక్కిరించాను. మజ్జిగ గరిటె విసిరింది. ఆ కొన్నాళ్లూ మా ఇల్లు బానే ఉందమ్మా. నిజం చెప్తున్నాను. చాలా బావుంది."

"మీకు తెలుసని ఆవిడకి చివరికైనా తెలిసిందా?"

"తెలియనివ్వలేదు."

"కష్టంగా లేదూ?"

"బయట ఉన్నప్పుడు కష్టం. ఆవిడ ఎదురుగా ఉన్నప్పుడు లేదు."

"నాకు ఎదురుగా ఉన్నప్పుడే కష్టమనిపిస్తుంది. దూరమే నయం... అదిగో, మా పిట్ట వస్తోంది. మీరింక ఆ మొహం పెట్టకండి. దానికి అనుమానం వస్తుంది."

"ఏంటి వదినా, బాబాయిగారిని ఏమన్నావు? అలా ఉన్నారు?"

"కూరలో కారం ఎక్కువైందట. కూర్చో. కూర్చోవే, ఊగుతోంది!"

"అమ్మో!"

"బెల్టు. నీ బెల్టు పెట్టుకో. అన్నయ్యగారూ, ఆ టీ పట్టుకోండి, ఒలికిపోతోంది."

"ఒలికింది లెండి. చల్లారిపోయిందే, అదృష్టం."

"వదినా, నాకు భయంగా ఉంది."

"రోజూ టిక్కెట్లమ్మేదానివి, నీకు భయమేంటే? గుంతల రోడ్డు మీద బస్సు అనుకో."

"వదినా, నీకొక మాట చెప్పాలి."

"వద్దు."

"ఏంటో వినకుండానే వద్దంటావేంటి? నేను చెప్పకుండా ఉండలేను. నా వల్ల కాదు. అక్కడ..."

"దిగాక చెప్పు."

"అప్పటికి ఆలస్యమైపోతే?"

"నా వైపు చూడు పిట్టా. ఇప్పుడు నువ్వేం చెప్పినా, కింద మబ్బులు, పైన ఆకాశం. నేను లేచి ఎక్కడికి వెళ్లగలను? నువ్వు మాత్రం ఏం చెయ్యగలవు? ఇద్దరం ఈ కుర్చీలకి కట్టేసి ఉన్నాం. గాల్లో ఉన్నంతసేపు నాకేమీ చెప్పకు. నా భుజం మీద తల పెట్టి పడుకో."

"నువ్వు మరీ మంచిదానివి వదినా. అందుకే నాకు..."

"పడుకోమన్నానా?"

విమానం దిగింది. జనం లేచి నిలబడ్డారు. తలుపు ఇంకా తెరవలేదు.

"రావట్లేదు. ఎందుకు రావట్లేదు? బాబాయిగారూ, సిగ్నలు చూడండి, ఏమీ లేదు. గీత కూడా లేదు."

"మళ్లీ ఆపి పెట్టమ్మా."

"పెట్టాను. మళ్లీ పెట్టాను. అయ్యో... అయ్యయ్యో..."

"ఏమైందే పిట్టా?"

"ప్యాకు. ఫోను ప్యాకు. బయటి దేశంలో పనిచెయ్యాలంటే ముందే వేయించుకోవాలి. నేను వేయించుకోలేదు."

"నువ్వా?"

"నేనే వదినా! వచ్చిన ప్రతివాడికీ చెప్తాను. 'ఫోను ప్యాకు మర్చిపోకండి సార్, మర్చిపోకండి మేడమ్' అని గొంతు పోయేలా చెప్తాను. నాకు నేను చెప్పుకోలేదు. ఇప్పుడెలా? నాకిప్పుడు ఫోను కావాలి. ఇప్పుడే కావాలి."

"నాది వాడుకో అమ్మాయ్. పాత ఫోను, తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఇదిగో, వస్తోంది, చక్రం తిరుగుతోంది..."

"త్వరగా బాబాయిగారూ. ఎక్కడో మోగుతోంది. ఎవరిదది? ఎవరి ఫోను మోగుతోంది?"

"నాది."

"నీదా వదినా? నీకెలా పనిచేస్తోంది?"

"నేను ప్యాకు వేయించుకున్నాను. జరుగు, చెయ్యి సంచిలో దూరట్లేదు. ... హలో. ఆ, తమ్ముడూ. దిగాం. ఇప్పుడే."

"తమ్ముడా? మా ఆయనా? వదినా, ఫోను ఇటివ్వు. నాకివ్వు వదినా, ఆయన నాకోసమే..."

"ఉండవే! ... నీకు కాదు తమ్ముడూ, చెప్పు. బయటికి తెచ్చారా? ... ఎంతసేపైంది? ... డాక్టరుగారేమన్నారు? కాదు, ఆయనన్న మాటలే చెప్పు, నీ మాటలు కలపకు. ... ఊఁ. ... ఊఁ. ... రక్తం ఆగిందా? ... కళ్లు తెరిచాడా? ... తెరవడానికి ఇంకా టైము పడుతుందన్నారా? సరే. భయం లేదన్నారు కదా. ఆ మాట అన్నారు కదా? ఇంకోసారి చెప్పు. ... ఊఁ. ... ఏడవకు. నువ్వు అక్కడ ఏడిస్తే నర్సు బయటికి పంపేస్తుంది. ఆ, పక్కనే ఉంది. బొమ్మలా నిలబడింది. మళ్లీ చేస్తాను, ఉండు."

"వదినా."

"బాగా జరిగిందటే. భయం లేదన్నారట. ఇదిగో... ఇదిగో, పడిపోకు. నువ్వు పడిపోతే ఎలా? పడిపోయేది నేను కదా మన ఇంట్లో. అన్నయ్యగారూ, ఆ పక్క పట్టుకోండి."

"పట్టుకున్నాను చెల్లెమ్మా."

"నీకు... నీకు తెలుసా? ఎప్పట్నుంచి?"

"కుళాయి బాగుచేసిన నాటి నుంచి. పొద్దున లేచి చూస్తే గిన్నె పొడిగా ఉంది. పోనీలే, బుద్ధి పుట్టిందనుకున్నాను. తర్వాత నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, ఇంటికంతటికీ నీళ్లాపే వాల్వు చూపించాడు. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో, నా చేత తిప్పించి మరీ చూపించాడు. తను ఉండగా ఆ వాల్వుతో నాకేం పనే? అక్కడే అర్థమైంది. తమ్ముణ్ణి పిలిచి కాఫీ ఇచ్చి, 'ఏంటి జబ్బు' అన్నాను. కప్పు కింద పెట్టకముందే అంతా చెప్పేశాడు."

"ఆయన నాతో ఒక్క మాట అనలేదు."

"నేను ఒట్టు వేయించుకున్నాను. అతన్ని తిట్టకు. మీ అన్నయ్య ఒట్టు ఒక పక్కా, నా ఒట్టు ఒక పక్కా. మనిషి సగమైపోయాడు."

"తెలిసి ఎలా ఎక్కావు వదినా? తెలిసి... ఎలా కూర్చున్నావు ఇన్ని గంటలూ?"

"నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నేను అక్కడుంటే ఆయన లోపలికి వెళ్తూ వెనక్కి తిరిగి నన్నే చూస్తాడు. నేను తిన్నానా, నిలబడ్డానా, నాకేమవుతోందా అని. నన్ను గాల్లోకి పంపించానన్న ధీమాతో హాయిగా వెళ్లాడు. ఆయనకి అంతకన్నా నేనేం ఇవ్వగలనే? పొద్దున్న ఫోన్లు ఎందుకు చేశాననుకున్నావు? ఎత్తడని తెలుసు. లేచాక చూసుకుంటాడు. చెయ్యకపోతే అనుమానం వచ్చేది."

"నేను ఇప్పుడే వెనక్కి టిక్కెట్లు చూస్తాను. మొదట ఏది దొరికితే అది."

"చూడు. కానీ వెళ్లేలోగా ఆ ఫౌంటెను దగ్గరికి తీసుకెళ్లు. పైపెక్కడుందో చూడకుండా వెళ్తే ఏం చెప్పను? అన్నయ్యగారూ, మీకు దారి తెలుసా?"

"పుస్తకంలో తెలుసమ్మా."

"చాలు. తలుపు తీశారు, పదండి."

ముగ్గురూ విమానంలోంచి విమానాశ్రయంలోకి వచ్చారు.

"ఆగండి, ఆగండి. ఫొటోకి ఫౌంటెను దాకా అక్కర్లేదు. ముందు ఇక్కడే ఒక ఫొటో తియ్యండి. ఆయన కళ్లు తెరిచి ఫోను అడిగేసరికి అందులో ఉండాలి, నేను హాయిగా ఉన్నట్టు. ఆ పెద్ద అద్దాల కిటికీ ముందు. పిట్టా, మొహం తుడుచుకుని ఇలా రా. నవ్వు."

"నా వల్ల కాదు వదినా."

"నవ్వవే. నీ మూతికి పెరుగు అంటిందనుకో."

"హహ... నువ్వు..."

"అలాగే ఉండండి ఇద్దరూ. తీశాను. ఇదిగో చెల్లెమ్మా, బాగా వచ్చింది. వెనకాల ఆకాశం కూడా పడింది."

"చూడనివ్వండి. ... ఊహూఁ. ఇంకోటి తియ్యండి అన్నయ్యగారూ. ఇందులో నాకు తెలుసని తెలిసిపోతోంది."